గుంపెయ్ యొకోయి

గుంపెయ్ యొకోయి (సెప్టెంబరు 10, 1941 - అక్టోబరు 4, 1997) జపాను దేశానికి చెందిన ఆటవస్తువుల రూపశిల్పి, వీడియో గేముల నిర్మాత. క్యోటో నగరంలోని నింటెండో సంస్థలో ఈయన సుమారు 31 సంవత్సరాలు పనిచేశాడు. చేతిలో పట్టుకొని ఆడే వీడియో గేము యంత్రాలకు ఒక స్థిరమైన రూపాన్ని ఇచ్చినవాడిగా ప్రసిద్ధి చెందాడు. 1980లో వెలువడిన గేమ్ అండ్ వాచ్, 1989లో వెలువడిన గేమ్ బాయ్ ఈయన నాయకత్వంలో తయారైనవే. నేటి అనేక వీడియో గేము యంత్రాలలో కనిపించే కూడిక గుర్తు ఆకారపు మీట కూడా ఈయన ఆలోచనే. ఖరీదైన కొత్త సాంకేతికతకన్నా, చౌకగా దొరికే పాత సాంకేతికతను కొత్త పనికి వాడుకోవడమే మేలని యొకోయి నమ్మాడు. ఆయన జీవితంలోని గొప్ప విజయాలకు ఈ నమ్మకమే మూలం. దానికి దూరంగా జరిగినప్పుడు ఆయనకు పరాజయం ఎదురైంది.

బాల్యం, విద్యాభ్యాసం

యొకోయి 1941 సెప్టెంబరు 10న క్యోటో నగరంలో జన్మించాడు. అదే నగరంలోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ అభ్యసించి పట్టభద్రుడయ్యాడు. చదువులో అగ్రశ్రేణి విద్యార్థి కాడు. పెద్ద ఎలక్ట్రానిక్స్ సంస్థలలో ఉద్యోగం లభించకపోవడం వలన, ఇంటికి దగ్గరలోనే ఉన్న నింటెండోలో 1965లో చేరాడు.

నింటెండోలో ప్రవేశం

అప్పటికి నింటెండో వీడియో గేముల సంస్థ కాదు. 1889లో ఫుసజిరో యమౌచి స్థాపించిన ఈ సంస్థ హనఫుడ అనే పూల బొమ్మల పేకముక్కలను తయారుచేసేది. ముక్కలు తయారుచేసే యంత్రాలు చెడిపోకుండా చూసుకోవడం యొకోయికి అప్పగించిన పని. అందులో తీరిక ఎక్కువ. ఆ తీరిక సమయంలో కర్రముక్కలను అడ్డదిడ్డంగా కలిపి, పిడి నొక్కగానే ముందుకు సాగి దూరంగా ఉన్న వస్తువును పట్టుకొనే ఒక చేతిని తన వినోదం కోసం తయారుచేసుకున్నాడు.

సంస్థ అధిపతి హిరోషి యమౌచి ఒకనాడు దానిని చూశాడు. పని మాని ఆడుకుంటున్నందుకు మందలింపు తప్పదని యొకోయి భావించాడు. కాని యమౌచి దానిని అమ్మకానికి పనికివచ్చే బొమ్మగా మార్చమని ఆదేశించాడు. అల్ట్రా హ్యాండ్ అనే పేరుతో 1966లో విడుదలైన ఈ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. దీనితో యొకోయి యంత్రాల మరమ్మతు పని నుండి కొత్త వస్తువుల రూపకల్పనకు మారాడు.

ఆటవస్తువుల రూపకల్పన

తరువాతి పదేళ్ళలో యొకోయి అనేక ఆటవస్తువులను రూపొందించాడు. వాటిలో ముఖ్యమైనవి:

* అల్ట్రా మెషీన్ (1968): ఇంటి లోపల బేస్‌బాల్ ఆడుకొనేందుకు మెత్తని బంతులను విసిరే యంత్రం.
* లవ్ టెస్టర్ (1969): ఇద్దరు చేతులు కలిపి పట్టుకొని, రెండవ చేతులతో చెరొక గోళాన్ని పట్టుకుంటే, వారి శరీరాల గుండా ప్రవహించే స్వల్ప విద్యుత్తును కొలిచి ముల్లుతో చూపే పరికరం. ఆ ముల్లు ప్రేమను కొలుస్తుందని చెప్పి అమ్మారు. నిజానికి యువతీయువకులు చేతులు పట్టుకోవడానికి అది ఒక మిష మాత్రమే.
* కాంతి తుపాకి (1970): తుపాకి నుండి వెలువడిన కాంతి గురిమీద పడగానే, అందులోని సౌర ఘటం దానిని గుర్తించి బొమ్మను పడగొట్టే ఏర్పాటు. షార్ప్ సంస్థనుండి సౌర ఘటాల అమ్మకానికి వచ్చిన మసయుకి ఉఎమురా ఇందులో సహకరించాడు. ఈయన తరువాత నింటెండోలోనే చేరి ఫామికామ్ యంత్రాన్ని రూపొందించాడు.
* లెఫ్టీ ఆర్.ఎక్స్. (1972): ఎడమవైపుకు మాత్రమే తిరిగే రిమోట్ కారు. అన్ని వైపులకూ తిరిగే కార్లు అప్పట్లో చాలా ఖరీదు. గుండ్రని బాటలో పందెం వేయడానికి ఒక వైపు తిరిగితే చాలునని గ్రహించి, యొకోయి ధరను బాగా తగ్గించగలిగాడు.

అన్ని ప్రయత్నాలూ ఫలించలేదు. 1973లో మూతబడిన బౌలింగ్ శాలలను కాంతి తుపాకులతో గురి చూసే క్రీడాశాలలుగా మార్చే పథకాన్ని నింటెండో చేపట్టింది. అదే సంవత్సరం వచ్చిన చమురు సంక్షోభం వలన అప్పటికే అందిన ఆర్డర్లు రద్దయ్యాయి. సంస్థ అప్పుల పాలైంది.

ఆలోచనా విధానం

యొకోయి తన పద్ధతికి జపాను భాషలో ఒక పేరు పెట్టుకున్నాడు. దాని భావం, ఎండి పండిన సాంకేతికతను పక్క దారిలో ఆలోచించి వాడుకోవడం. ఇక్కడ ఎండిన అనే మాటకు పనికిరానిదని అర్థం కాదు. లోటుపాట్లన్నీ తెలిసిపోయి, విరివిగా తయారవుతూ, ధర తగ్గి, నమ్మకంగా పనిచేసే సాంకేతికత అని అర్థం. అటువంటి దానిని ఇంతవరకు ఎవరూ వాడని చోట వాడితే, తక్కువ ఖర్చుతో కొత్త వస్తువు పుడుతుంది. సౌర ఘటం విద్యుత్తును తయారుచేయడానికి పుట్టినది. యొకోయి దానిని కాంతిని గుర్తించే కన్నుగా వాడాడు. ఎడమవైపుకే తిరిగే కారు కూడా ఈ ఆలోచనకు మంచి ఉదాహరణ.

గేమ్ అండ్ వాచ్

1970ల చివరలో యొకోయి షింకన్‌సెన్ వేగపు రైలులో ప్రయాణిస్తుండగా, ఎదుట ఉన్న ఒక ఉద్యోగి కాలక్షేపానికి కాలిక్యులేటర్ మీటలను నొక్కుతూ కూర్చోవడం గమనించాడు. పెద్దవారు సిగ్గుపడకుండా, ఇతరుల కంట పడకుండా ఆడుకొనే చిన్న యంత్రం ఉంటే బాగుంటుందని ఆయనకు తోచింది. కొంత కాలానికి యమౌచి కారును నడిపేవాడు అనారోగ్యంతో రానందున, ఆ కారును యొకోయి నడపవలసి వచ్చింది. దారిలో ఈ ఆలోచనను యమౌచికి తెలిపాడు. ఆనాటి సమావేశంలో యమౌచి షార్ప్ సంస్థ అధిపతిని కలిసి ఆ విషయం ప్రస్తావించాడు. కాలిక్యులేటర్ల వ్యాపారంలో తీవ్రమైన పోటీ వలన ధరలు పడిపోయి, ద్రవ స్ఫటిక తెరలకు కొత్త వాడుక కోసం షార్ప్ వెతుకుతున్న సమయమది. రెండు సంస్థలు కలిసి పనిచేయడానికి అంగీకరించాయి.

ఈ యంత్రం పనిచేసే తీరు కాలిక్యులేటర్ వంటిదే. కాలిక్యులేటర్‌లో ఒక్కొక్క అంకె ఏడు చిన్న గీతలతో ఏర్పడుతుంది. ఎనిమిది అంకెలకు 56 గీతలు. దశాంశ చుక్కలు, ఇతర గుర్తులు కలిపితే ఆ సంఖ్య డెబ్బై వరకు చేరుతుంది. ఆ గీతలకు బదులు మనిషి, చేయి, బంతి వంటి బొమ్మలను తెరలోనే ముందుగా నిలిపి, ఒకదాని తరువాత ఒకటి కనిపించేటట్లు చేస్తే కదలిక భ్రమ కలుగుతుంది. ఈ విధంగా బంతులను ఎగరవేసే గారడీవాని ఆట బాల్ 1980 ఏప్రిల్ 28న విడుదలైంది. ఆడనప్పుడు ఇది గడియారంగా సమయం చూపేది. పేరు అలా వచ్చింది.

తెరకూ దాని పైనున్న పలకకూ మధ్య రంగురంగుల వలయాలు కనబడడం తయారీలో ఎదురైన ఒక చిక్కు. తెరమీద కంటికి ఆనని చిన్న చిన్న బుడిపెలను ఏర్పరచి, రెండూ అంటుకోకుండా చేసి దీనిని పరిష్కరించారు.

ఆట నియమాలు సులభం. ప్రతి యంత్రంలో ఒకే ఆట, దానికి సాధారణంగా రెండు స్థాయిలు ఉండేవి. చాలా వాటిలో మూడు తప్పులు చేస్తే ఆట ముగుస్తుంది. ఆడే కొద్దీ వేగం పెరుగుతుంది. ఫైర్, మ్యాన్‌హోల్, పారాచూట్, ఆక్టోపస్, షెఫ్, ఆయిల్ పానిక్ వంటివి ఈ శ్రేణిలో ప్రసిద్ధమైనవి. 1980 నుండి 1991 వరకు సుమారు 60 రకాలు వెలువడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా 4.34 కోట్ల యంత్రాలు అమ్ముడుపోయాయి. వీటి విజయంతో నింటెండో తన పాత అప్పులను తీర్చగలిగింది. శ్రేణిలో చివరిదైన మారియో ది జగ్లర్ (1991) మొదటి ఆట బాల్‌కు నమస్కారంగా రూపొందినది.

ఇదే పద్ధతిలో నిలిపిన గడులతో పనిచేసే బ్రిక్ గేము యంత్రాలు 1990లలో ఆంధ్ర ప్రదేశ్‌లోని బొమ్మల దుకాణాలలోను, ఎగ్జిబిషన్లలోను విరివిగా లభించేవి. అవి నింటెండో తయారుచేసినవి కావు. కాని కాలిక్యులేటర్ తెరమీద ఆట అనే ఆలోచన తెలుగు పిల్లలకు చేరింది ముఖ్యంగా వాటి ద్వారానే.

కూడిక ఆకారపు మీట

1982లో డాంకీ కాంగ్ ఆటను రెండు తెరలతో, పుస్తకంలా మూసే గేమ్ అండ్ వాచ్‌గా తయారుచేయవలసి వచ్చింది. అంగడి యంత్రాలలో ఉండే నిలువు కర్రను ఇందులో పెడితే మూత పడదు. నాలుగు వైపులకు నాలుగు వేరువేరు మీటలు పెడితే, చూడకుండా ఆడడం కష్టం. అందువలన యొకోయి నాలుగు దిక్కులనూ కలిపి కూడిక గుర్తు ఆకారంలో ఒకే మీటగా చేశాడు. బొటనవేలు దాని మీద ఉంటే, ఎటు నొక్కుతున్నామో తాకిడితోనే తెలుస్తుంది. 1983లో విడుదలైన ఫామికామ్ యంత్రానికి ఇదే మీటను వాడారు. తరువాత ఇతర సంస్థలు కూడా దీనినో, దీనికి దగ్గరి రూపాలనో అనుసరించాయి.

వీడియో గేముల నిర్మాతగా

1981లో అమెరికాలో అమ్ముడుపోని ఆట యంత్రాలను కొత్త ఆటతో నింపి అమ్మవలసిన అవసరం నింటెండోకు ఏర్పడింది. ఆ పని యువ చిత్రకారుడైన షిగెరు మియమోతోకు దక్కింది. అతనికి మార్గదర్శకుడిగా యొకోయి నియమితుడయ్యాడు. అలా రూపొందిన ఆటే డాంకీ కాంగ్. మారియో పాత్ర తొలిసారి ఇందులోనే కనిపించింది. 1983 నాటి మారియో బ్రోస్. ఆటకు కూడా వీరిద్దరు కలిసి పనిచేశారు.

యొకోయి నాయకత్వం వహించిన మొదటి పరిశోధన, అభివృద్ధి విభాగం నుండి మెట్రాయిడ్ (1986), కిడ్ ఇకారస్ (1986) వంటి ఆటలు వెలువడ్డాయి. డాక్టర్ మారియో (1990)కు కూడా ఆయనే నిర్మాత. ఫామికామ్‌తో కలిసి ఆడే రాబ్ అనే మరబొమ్మ (1985) కూడా ఈ విభాగపు సృష్టే.

గేమ్ బాయ్

గేమ్ అండ్ వాచ్‌లో ఒక యంత్రానికి ఒక్క ఆటే. క్యాసెట్టు మార్చి ఎన్ని ఆటలైనా ఆడగలిగే చేతి యంత్రం తరువాతి మెట్టు. దీని రూపకల్పనలో యొకోయికీ, ఇంజనీర్ల బృందానికి నాయకుడైన సతోరు ఒకాడకూ అభిప్రాయభేదం కలిగింది. గేమ్ అండ్ వాచ్ తరహాలో చౌకైన, సరళమైన బొమ్మ చాలునని యొకోయి అభిప్రాయం. ఇతర సంస్థలు కూడా ఏళ్ళ తరబడి ఆటలు తయారుచేయగలిగే గట్టి యంత్రం కావాలని ఒకాడ పట్టుబట్టాడు. చివరకు యంత్రం లోపలి శక్తి విషయంలో ఒకాడ మాట, తెర విషయంలో యొకోయి మాట నెగ్గాయి.

1989 ఏప్రిల్ 21న జపానులో 12,500 యెన్ల ధరకు గేమ్ బాయ్ విడుదలైంది. తెర 160 x 144 చుక్కలది. రంగులు లేవు, నాలుగు ఛాయలు మాత్రమే. తెర వెనుక దీపం కూడా లేదు. రంగుల తెరలు అప్పటికే సాధ్యమైనా, వాటికి ఖర్చు, విద్యుత్తు వాడకం ఎక్కువ. పోటీగా వచ్చిన అటారి లింక్స్ (1989), సెగ గేమ్ గేర్ (1990) రంగుల తెరతో చూడ ముచ్చటగా ఉండేవి. కాని ఆరు బ్యాటరీలు వేసినా కొద్ది గంటలలోనే అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పనిచేసేది. ధర తక్కువ, కింద పడినా సులభంగా పాడయ్యేది కాదు.

అమెరికాలో ఈ యంత్రంతో పాటు టెట్రిస్ ఆటను ఇచ్చారు. సోవియట్ యూనియన్‌లో అలెక్సీ పాజిత్నోవ్ 1984లో రూపొందించిన ఈ ఆట పెద్దలను కూడా ఆకర్షించింది. రంగుల గేమ్ బాయ్ కలర్‌తో కలిపి గేమ్ బాయ్ యంత్రాలు మొత్తం 11.87 కోట్లు అమ్ముడుపోయాయి.

వర్చువల్ బాయ్

1995లో యొకోయి తన మార్గానికి భిన్నమైన ప్రయోగం చేశాడు. రెండు కళ్ళకు రెండు వేరు చిత్రాలను చూపి లోతును తలపించే వర్చువల్ బాయ్ యంత్రం జూలై 21న జపానులో విడుదలైంది. ఒక అమెరికా సంస్థ అభివృద్ధి చేసిన కొత్త తెర సాంకేతికత దీనికి ఆధారం. అన్ని రంగులూ వాడితే ధర పెరుగుతుందని ఎరుపు దీపాలను మాత్రమే ఉపయోగించారు.

ఇది బల్లమీద పెట్టి, వంగి కళ్ళను ఆనించి చూడవలసిన యంత్రం. తలకు తగిలించుకొనేది కాదు, ప్రయాణంలో ఆడుకొనేదీ కాదు. నల్లని వెలితిలో ఎర్రని బొమ్మలను చూసి కళ్ళు, మెడ నొప్పి పుడుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఆడుతున్నవారు చూసేది పక్కవారికి కనబడదు కనుక, దాని గొప్పను ప్రకటనలలో చూపడం కూడా సాధ్యపడలేదు. సుమారు 7,70,000 యంత్రాలు మాత్రమే అమ్ముడుపోయాయి. ఏడాది తిరగకుండానే అమ్మకాలు నిలిపివేశారు.

నింటెండో నుండి నిష్క్రమణ

యొకోయి 1996 ఆగస్టు 15న నింటెండోకు రాజీనామా చేశాడు. వర్చువల్ బాయ్ పరాజయానికి శిక్షగానే ఆయనను పంపివేశారని పత్రికలలో ప్రచారం జరిగింది. యొకోయి దానిని అంగీకరించలేదు. యాభై ఏళ్ళ వయసులో సొంతంగా పని ప్రారంభించాలని ముందునుండే అనుకున్నట్లు తెలిపాడు. వెళ్ళేముందు, తక్కువ బరువుతో, స్పష్టమైన తెరతో గేమ్ బాయ్ పాకెట్ యంత్రాన్ని పూర్తిచేశాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో గేమ్ బాయ్ కోసం వెలువడిన పోకెమాన్ ఆటలు, కాలం చెల్లిందనుకున్న ఆ యంత్రానికి కొత్త ప్రాణం పోశాయి. రెండు యంత్రాలను తీగతో కలిపి ప్రాణులను ఇచ్చిపుచ్చుకోవడం ఈ ఆటలోని ప్రధాన ఆకర్షణ.

నింటెండోను విడిచాక యొకోయి క్యోటోలో కోటో అనే సంస్థను స్థాపించాడు. బందాయ్ సంస్థ కోసం వండర్‌స్వాన్ అనే చేతి యంత్రానికి రూపకల్పన చేశాడు. ఒకే ఒక బ్యాటరీతో పనిచేసే ఈ యంత్రంలో మళ్ళీ ఆయన పాత మార్గమే కనిపిస్తుంది.

మరణం

1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతంలోని హోకురికు ఎక్స్‌ప్రెస్ రహదారిపై యొకోయి ప్రయాణిస్తున్న కారు ముందున్న వాహనాన్ని ఢీకొన్నది. ఎంత నష్టం జరిగిందో చూడడానికి ఆయన కిందికి దిగాడు. అప్పుడు వెనుకనుండి వచ్చిన మరొక వాహనం ఢీకొని మరణించాడు. అప్పటికి ఆయన వయసు 56 సంవత్సరాలు.

వండర్‌స్వాన్ 1999 మార్చి 4న, 4,800 యెన్ల ధరకు విడుదలైంది. దానితోపాటు వచ్చిన గీతలు కలిపే ఆటకు ఆయన గౌరవార్థం గున్‌పే అని పేరు పెట్టారు.

పాత ఆటల పునర్నిర్మాణం

గేమ్ అండ్ వాచ్ ఆటలను కొత్త యంత్రాలకు మార్చడం ఇతర వీడియో గేములను మార్చినంత సులభం కాదు. మామూలు వీడియో గేములో బొమ్మలు కూడా ప్రోగ్రాములో భాగమే కనుక, దానిని నకలు తీసి మరొక యంత్రంలో నడపవచ్చు. గేమ్ అండ్ వాచ్‌లో బొమ్మలు తెరలోనే అచ్చుపోసినట్లు ఉంటాయి. తెర పాడైతే ఆట కూడా పోయినట్లే. అందువలన ప్రతి బొమ్మనూ, దాని కదలికనూ, శబ్దాన్నీ, వేగాన్నీ మళ్ళీ తయారుచేయవలసి వచ్చింది. ఈ పునర్నిర్మాణాలు లేకపోతే, బ్యాటరీలు కారి, తెరలు మసకబారిన పాత యంత్రాలతోపాటే ఆ ఆటలు కూడా క్రమంగా కనుమరుగయ్యేవి.

ఈ పని ఎక్కువగా యొకోయి రూపొందించిన గేమ్ బాయ్ మీదనే జరిగింది. 1995లో ఐదు ఆటలతో గేమ్ బాయ్ గ్యాలరీ విడుదలైంది. 1997లో మొదలైన గేమ్ అండ్ వాచ్ గ్యాలరీ శ్రేణి చాలా ఆటలను రెండు రూపాలలో అందించింది. ఒకటి పాత యంత్రాన్ని పోలినది, రెండవది మారియో పాత్రలతో కొత్తగా గీసినది. మొదటి సంపుటిలో మ్యాన్‌హోల్, ఫైర్, ఆక్టోపస్, ఆయిల్ పానిక్ ఉన్నాయి. పాత యంత్రాల వివరాలను చూపే ప్రదర్శనశాల భాగం కూడా ఇందులో కలదు. ఈ శ్రేణిలో నాలుగవది 2002లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు వచ్చింది.

2004లో విడుదలైన నింటెండో డి.ఎస్. రెండు తెరలతో, పుస్తకంలా మూసే యంత్రం. 1982 నాటి డాంకీ కాంగ్ ఆకృతికి ఇది చాలా దగ్గర. అందుచేత రెండు తెరల పాత ఆటలను అసలు అమరికలోనే ఆడే వీలు కలిగింది. 2006లో ఆయిల్ పానిక్, డాంకీ కాంగ్, గ్రీన్ హౌస్ ఆటలతో గేమ్ అండ్ వాచ్ కలెక్షన్‌ను జపానులోని నింటెండో సభ్యులకు బహుమానంగా ఇచ్చారు. 2008లో రెండవ సంపుటి వచ్చింది.

యొకోయి నిర్మించిన ఇతర ఆటలు కూడా ఇలాగే తిరిగి వచ్చాయి. మెట్రాయిడ్ 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు మెట్రాయిడ్: జీరో మిషన్‌గా పునర్నిర్మితమైంది. గున్‌పే 2006లో నింటెండో డి.ఎస్., సోనీ పి.ఎస్.పి. యంత్రాలకు కొత్త రూపంలో వెలువడింది. 2020, 2021 సంవత్సరాలలో నింటెండో గేమ్ అండ్ వాచ్ పేరుతోనే రెండు ప్రత్యేక యంత్రాలను అమ్మింది. 2020 నాటి యంత్రంలో బాల్ ఆటను మారియో బొమ్మతో చేర్చారు. 2023 ఫిబ్రవరిలో గేమ్ బాయ్ ఆటలు నింటెండో స్విచ్ చందాదారులకు అందుబాటులోకి వచ్చాయి. పరాజయంగా మిగిలిన వర్చువల్ బాయ్ ఆటలను సైతం స్విచ్‌కు తీసుకురానున్నట్లు 2025 సెప్టెంబరులో నింటెండో ప్రకటించింది.

గుర్తింపు

జీవించి ఉన్నకాలంలో యొకోయి పేరు జపాను వెలుపల ఎక్కువమందికి తెలియదు. 2003లో ఆయనకు మరణానంతరం గేమ్ డెవలపర్స్ ఛాయిస్ పురస్కారాలలో జీవిత సాఫల్య పురస్కారం ప్రకటించారు. గేమ్ అండ్ వాచ్ తెరలోని నల్లని బొమ్మమనిషి, 2001 నాటి సూపర్ స్మాష్ బ్రోస్. మెలీ ఆటలో మిస్టర్ గేమ్ అండ్ వాచ్ అనే పాత్రగా ప్రవేశించాడు. 2024 అక్టోబరు 2న క్యోటో సమీపంలోని ఉజి పట్టణంలో, నింటెండో పాత కర్మాగారంలో ప్రారంభమైన ప్రదర్శనశాలలో అల్ట్రా మెషీన్, లవ్ టెస్టర్ వంటి యొకోయి ఆటవస్తువులను సందర్శకులు కొత్త రూపంలో ఆడి చూసే ఏర్పాటు చేశారు.